దొంగచిగురు

ముళ్ల మధ్య నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, అసిరయ్య ఆకుల వెనక తడుముకుంటున్నాడు. కళ్లతో వెతికితే దొరికేవి కావు. కాయా ఆకూ ఒకే పచ్చన, పైగా ఇంకా వెలుతురు సరిగ్గా రాలేదు. వేళ్లకి గరుగ్గా, గుండ్రంగా ఏదైనా తగలగానే మెల్లిగా మెలిపెట్టి తెంపి ఒడిలో వేసుకుంటున్నాడు. కొన్ని ఉసిరికాయలంత ఉన్నాయి, కొన్ని గచ్చకాయలంత. ఒకదానికి ఎండిన పువ్వు ఇంకా అంటుకునే ఉంది. దాన్ని కూడా తెంపేశాడు.

ఒడి బరువెక్కాక పాదులో చతికిలబడి, గునపంతో జానెడు లోతు తవ్వి, కాయలన్నీ అందులో పోసి మన్ను కప్పాడు. అరికాలితో అదిమాడు. తర్వాత లేచి, నడుం పట్టేస్తే కాసేపు చెట్టు పట్టుకు నిలబడి, కావిడి దగ్గరికి వెళ్లాడు. పొద్దున మొదటి రెండు కుండల నీళ్లూ ఆ మన్ను మీదే పోస్తాడు, తవ్విన జాడ కనబడకుండా. మూడేళ్లుగా, పూత వచ్చిన దగ్గర్నుంచి వానలు పడేదాకా, వారానికి రెండు రోజులు ఇంట్లోవాళ్లు లేవకముందే అతను చేసే పని ఇది.

గజపతినగరంలో షావుకారు నగరేశ్వరరావుగారి ఇల్లంటే ముందు కొట్టు, మధ్య ఇల్లు, వెనక పెరడు. పెరట్లో అరటి, జామ, కరివేప, సన్నజాజి పందిరి, అన్నీ ఏ ఇంటి వెనకైనా ఉండేవే. నూతి పక్కనున్న ఈ చెట్టొక్కటే ఆ ఇంటి గొప్ప. చుట్టుపక్కల పది ఊళ్లలో ఎవరికీ బత్తాయి చెట్టు లేదు. ఆ మాటకొస్తే నగరేశ్వరరావుగారికీ లేదు. ఇది బత్తాయి కాదన్న సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. అందులో ఒకరు పోయి రెండేళ్లయింది. మిగిలినవాడు అసిరయ్య.

అరవై ఉంటాయేమో, అతని వయసు ఎవరూ లెక్కపెట్టలేదు. సన్నటి మనిషి, మోకాళ్లు మాత్రం లావు. మెడ ఎడమవైపుకి ఒరిగి ఉంటుంది, ఏదో వింటున్నట్టు. కుడి భుజం మీద ముప్పయ్యేళ్లుగా కావిడి బద్ద ఆని ఆని నిమ్మకాయంత కాయ కాసింది. షావుకారు హుషారుగా ఉన్న రోజున కొట్టుకొచ్చిన వాళ్లకి దాన్ని చూపించి, "మా చెట్టు గొడ్డుపోయినా మా అసిరయ్య భుజం కాసిందండీ" అని నవ్వించేవాడు. అసిరయ్య కూడా నవ్వేవాడు. నవ్వుతూనే కావిడెత్తుకుని పెరట్లోకి పోయేవాడు.

ఆ మొక్కని షావుకారు భార్య పార్వతీదేవమ్మ తిరుపతి నుంచి తెచ్చింది. తడిగోనెలో చుట్టి, రైల్లో రెండు రోజులూ ఒళ్లోంచి దింపలేదు. అప్పటికి అది మూరెడు పుల్ల. దాన్ని చూడగానే అసిరయ్య మొదలు పట్టుకుని, పులుపు నిమ్మ మొదలుకి బత్తాయి కొమ్మ అతికిన అంటు ముడి ఎక్కడుందో తడిమాడు. చిన్నప్పుడు ఒక జమీందారు మామిడితోటలో కూలికి ఉండేవాడు. అక్కడి పెద్దమాలి చేతికింద వందల అంట్లు చూశాడు. "ముడికి పైన వచ్చింది మనది. కింద వచ్చింది దొంగది. దొంగసిగురు కనబడితే గోటితో గిల్లీ. జాలి పడ్డావా, మొక్కని మింగీసి అదే సెట్టయి కూకుంటాది" అని పెద్దమాలి చెప్పేవాడు. అసిరయ్యకి చదువంటే అదొక్కటే.

రెండేళ్లు బాగానే పెరిగింది. ఆ తర్వాత వేసవిలో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. పట్నంలోని షావుకారు చుట్టాలంతా పిల్లాజెల్లాతో వచ్చి ఈ ఇంట్లో దిగారు. ముప్పైమందికి స్నానాలు, వంటలు, బట్టలు. నుయ్యి అడుగంటింది. తెల్లారగట్ల మొదలుపెట్టి దీపాల వేళ దాకా తోడినా కుండలు నిండేవి కావు. ఇంట్లోవాళ్లు ఎవరూ చెట్టుకి పోయొద్దనలేదు. పొయ్యమనీ అనలేదు. అసిరయ్యే రేపు పోద్దాం, రేపు పోద్దాం అనుకున్నాడు. తొలకరి పడి చుట్టాలు బళ్లెక్కాక చూస్తే, ముడికి పైనున్నదంతా విరిస్తే పటుక్కున విరిగే పుల్లయిపోయింది.

ఎండుపుల్ల కోసేశాడు. ముడికి కింద, మొదలు పక్కన, ఎర్రటి చిగురొకటి తలెత్తి ఉంది. అసిరయ్య దానికి బొటనవేలి గోరు ఆనించాడు కూడా. సరిగ్గా అప్పుడు పార్వతీదేవమ్మ పెరట్లోకి వచ్చింది. మూణ్ణెల్లు పొయ్యి దగ్గరే గడిపిన మనిషి, మొహం నల్లబడిపోయి ఉంది. చిగురు చూసి, "బతికిందా! ఒరే అసిరయ్యా, బతికిందిరా!" అంటూ అక్కడే బురదలో కూర్చుండిపోయింది. చిగురుని రెండు వేళ్లతో తాకి, ఆ వేళ్లు కళ్లకద్దుకుంది. కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. అసిరయ్య గోరు వెనక్కి తీసుకున్నాడు.

ఆ పూట చెప్పలేకపోయాడు. మర్నాడు చెబుదామనుకున్నాడు. మర్నాటికి ఆవిడ చిగురు చుట్టూ ముళ్లకంప నాటించి, పసుపునీళ్లు చల్లి ఉంది. ఇక ఎక్కడ చెబుతాడు? చిగురు కొమ్మయింది, కొమ్మ చెట్టయింది, ఒళ్లంతా ముళ్లయింది. బెల్లం దిమ్మ వాసన చూసి ఏ ఊరిదో చెప్పగల షావుకారికి చెట్ల సంగతి ఏమీ తెలీదు. బత్తాయికి ముళ్లుంటాయేమో అనుకున్నాడు. మూడేళ్ల కిందట మొదటి కాయలు కాశాయి. అసిరయ్య ఒకటి కోసి నాలిక మీద పెట్టుకుని, దవడలు లాగేసే పులుపుకి కళ్లు మూసుకుని, మిగతావన్నీ తెంపి పాతేశాడు. పూత రాలిపోతోందమ్మా అని చెప్పాడు. అంతే, అప్పట్నుంచీ అది గొడ్డుచెట్టు.

అతని పెళ్లాం గురమ్మకి చెప్పుకున్నాడు. అప్పటికి ఆవిడ కాళ్లవాపుతో మంచం మీదుంది. అంతా విని, "సెప్పీరాదేటి? సెట్టు ముళ్లు సెట్టుకున్నాయి. నీ ముల్లు నీకున్నాది. తీసుకుంటే పోతాది" అంది. ఆవిడ పోయాక ఆ మాట ఒంటరిగా గుడిసెలో చాలాసార్లు వినిపించేది. చెప్పాలనే ఉండేది. కానీ ఆ ఇంట్లో అతనికున్న పేరల్లా ఒక్కటే, చచ్చిన చెట్టుని బతికించినవాడని. నీళ్లు మోసే మనిషికి అదే ఎక్కువ. దాన్ని వదులుకోవడానికి చేతులు రాలేదు.

ఆ పొద్దున నాలుగో కావిడి దింపుతుండగా పార్వతీదేవమ్మ మంచాన్ని పెరటి వసారాలోకి మోసుకొచ్చారు. ఒకవైపు కొడుకు ధర్మారావు, ఇంకోవైపు కొట్టు గుమాస్తా చినబాబు. కోడలు కాంతం వెనకే తలగడ పట్టుకుని వచ్చింది. పార్వతీదేవమ్మ మంచం పట్టి రెండు నెలలైంది. తిన్నది నిలవదు, జ్వరం విడవదు. అసిరయ్య ఇన్నాళ్లూ గుమ్మం బయట నుంచి "అమ్మగోరికెలాగున్నాది" అని అడగడమే గానీ చూడలేదు. ఇప్పుడు చూశాడు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

కాసేపటికి షావుకారు వెంట డాక్టరు వచ్చి నాడి చూసి, పొట్ట నొక్కి చూసి, నాలిక చూసి లేచాడు. "గాలి తగలనివ్వండి. నేను చెప్పిన బత్తాయి రసం ఇస్తున్నారా?" అన్నాడు.

ధర్మారావు భార్యవైపు చూశాడు. కాంతమే, "పుచ్చుకోవట్లేదండీ. పదిహేను రోజులుగా చెబుతున్నాం. నోట్లో పోస్తే ఉమ్మేస్తున్నారు" అంది.

"బార్లీ నిలవట్లేదు, గంజి నిలవట్లేదు. ఇది కూడా లేకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు డాక్టరు. ఒక్క రసమే ఆవిడ పొట్ట ఓర్చుకోగలదనీ, ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే తన చేతిలో ఏమీ ఉండదనీ చెప్పి వెళ్లిపోయాడు.

షావుకారు మంచం పట్టె మీద కూర్చున్నాడు. మామూలుగా అరిచే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి, "ఎందుకే ఈ పంతం? ఏటి కారణం? నాకైనా చెప్పు" అన్నాడు.

"మొక్కున్నాది" అంది పార్వతీదేవమ్మ.

"ఏ మొక్కు?"

"చెట్టు తొలికాయ రామతీర్థం స్వామికి పంపిందాకా బత్తాయి ముట్టనని."

షావుకారు తల పట్టుకున్నాడు. "ఆ గొడ్డుచెట్టు కాసేదెప్పుడు, నువ్వు తాగేదెప్పుడే!"

"కాస్తాది" అంది ఆవిడ, చెట్టువైపే చూస్తూ. "చచ్చి బతికింది కాయకుండా పోతాదా?"

కుండ అంచు పట్టుకున్న అసిరయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు బురదలో కూర్చుని ఆవిడ పెదాలు ఎందుకు కదిపిందో ఆరేళ్లకి తెలిసింది. తను నోరు మూసుకున్న నిమిషంలోనే ఆవిడా నోరు కట్టుకుంది. ఖాళీ కావిడి భుజానికెత్తుకుని నూతి దగ్గరికి పోయాడు గానీ చేద వెయ్యలేదు. గట్టు మీద కూర్చున్నాడు. ఇది ఎప్పటికీ బత్తాయి కాయదు. కాబట్టి ఆవిడ మొక్కు ఎప్పటికీ తీరదు. తను చెబితే ఆవిడ ప్రాణం అక్కడే పోతుందేమో, చెప్పకపోతే రెండు రోజుల్లో పోతుంది. ఎటు తిరిగినా తన పాపమే. చల్దికని తెచ్చుకున్న అంబలి ముంత పక్కనే ఉంది, ఈగలు ముసురుతున్నాయి. తోలబుద్ధి కాలేదు.

చివరికి లేచాడు. నోటితో చెప్పలేనిది చేతిలో పెట్టి చూపించాలనుకున్నాడు. కానీ చూపించడానికి కాయ ఏదీ? పొద్దున్నే పనిమంతుడిలా ఒక్కటి మిగల్చకుండా తెంపి పాతేశాడు. మట్టిలో పాతిపెట్టినది తవ్వి ఆవిడ చేతిలో ఎలా పెడతాడు? చెట్టు కిందకి దూరి ముళ్లలోకి తల పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. తలగుడ్డ ముళ్లకి చిక్కుకుని ఊడిపోయింది. వీపు చీరుకుపోయింది. మూడేళ్లుగా ఏ కాయ కనబడినా గుండె ఝల్లుమనేది, ఇప్పుడు ఒక్కటి కనబడితే చాలని వెతికాడు. పై కొమ్మల నడుమ, అతని చెయ్యి ఎప్పుడూ అందని చోట, ఒకటుంది. కోడిగుడ్డంత, ముదురు పచ్చ. నిచ్చెన వేసి దాన్ని ఆకుతో సహా కోశాడు.

వసారా మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"ఏటిరా అది?" అంది పార్వతీదేవమ్మ.

"కాయమ్మా. ఈ సెట్టుదే."

ఆవిడ లేవబోయి లేవలేకపోయింది. మొహంలోకి వెలుగొచ్చింది. ఆ వెలుగు చూసి అసిరయ్యకి ఏడుపొచ్చింది. ఇంక ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా అనేశాడు.

"ఇది బత్తాయి కాదమ్మా. బత్తాయి ఆ బాంబుల ఏడే సచ్చిపోనాది. నీల్లు పొయ్యక నానే సంపీసినాను. మీరు బతికినాదని కల్లకద్దుకున్నది దొంగసిగురు. పులుపు జాతి. మూడేల్ల నుంచి కాస్తన్నాది. నానే తెంపీసి పాతీస్తన్నాను."

కాంతం చేతిలో చెంచా గిన్నెకి తగిలి టంగుమంది. షావుకారు కొట్టులోకి వెళ్లిపోయి ఉన్నాడు, లేకపోతే ఆ మాటకి ఏం చేసేవాడో.

పార్వతీదేవమ్మ కాయని తీసుకుంది. గోటితో తోలు గీకి వాసన చూసింది. నిమ్మ వాసన మంచం చుట్టూ కమ్ముకుంది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. పెరట్లో కాకి అరుస్తోంది. అసిరయ్య మెట్టు మీద నుంచి కదలలేదు. కొట్టమన్నా, పొమ్మన్నా బాగుండుననిపించింది.

గోడవైపు నుంచే ఆవిడ అడిగింది. "నా మొక్కేటో విన్నావా?"

"ఇన్నానమ్మా."

"చెట్టు తొలికాయ అన్నాను. తీపిదన్నానా?"

అసిరయ్యకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తలెత్తి చెట్టు పాదు వైపు చూశాడు.

"తీపో పులుపో, ఈ చెట్టు కాసింది ఆ స్వామికి పంపిస్తానన్నాను. అంతేరా. మొదటి ఏడే ఒక్క కాయ ఉంచీసి ఉంటే అప్పుడే తీరిపోయేది."

మూడేళ్లు. వారానికి రెండు పొద్దులు. పాదు నిండా పాతిన కాయలు. వాటిలో ఏ ఒక్కటి ఉంచినా చాలేది. అసిరయ్య తల వంచుకుని, అరచేతిలో విరిగిన ముల్లు కేసి చూస్తూ, "ఇది తొలికాయ కూడా కాదమ్మా. తొలికాయ మట్టిలో పోనాది" అన్నాడు.

"నా కంటబడిన తొలికాయ ఇదే. స్వామికి తెలీదా." ఆవిడ ఇటు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి. "నీమీద కోప్పడ్డానిక్కూడా ఓపిక లేదురా అసిరయ్యా. కాంతం, పసుపుగుడ్డ తే."

ముడుపు తనే కట్టుకుంటానంది. మొదటి ముడి జారిపోయింది. రెండో ముడి నిలిచింది. మూడోది కోడలు బిగించింది. గోడకున్న దేవుడి పటం కింద మేకుకి దాన్ని తగిలించమని చెప్పి, "రామతీర్థం నువ్వే పట్టుకెళ్లాలి. దాచినవాడివి నువ్వు, ఇచ్చేవాడివీ నువ్వే" అంది అసిరయ్యతో. తర్వాత నెమ్మదిగా, "ఇప్పుడిస్తే తాగుతానే రసం" అంది కాంతంతో.

ఇచ్చిన రసం ఉమ్మేస్తోందని నాలుగు రోజులుగా పళ్లు తెప్పించడం మానేశారు. ఊళ్లో దొరకవు. చినబాబు పంచె ఎగ్గట్టి స్టేషనుకి పరిగెత్తాడు. విజయనగరం వెళ్లి సాయంత్రం పాసింజరుకి తిరిగిరావాలి.

"చెట్టుకి ఈపూట నీళ్లు పోశావా?" అంది పార్వతీదేవమ్మ.

"పొద్దున రెండు కుండలు పోసినానమ్మా."

"ఇంకో కావిడి పొయ్యి. కాసిన చెట్టు, ఎండపెట్టకు."

అసిరయ్య నూతి దగ్గరికి వెళ్లి చేద వేశాడు. ఒంట్లో బరువంతా దిగిపోయినట్టూ ఉంది, ఎప్పటికీ దిగని బరువొకటి కొత్తగా ఎక్కినట్టూ ఉంది. రెండు కుండలూ నింపి కావిడి భుజానికెత్తుకున్నాడు. భుజం కాయ మీద బద్ద ఎప్పటి చోటే కూర్చుంది. చెట్టు దగ్గరికి వస్తుండగా వసారాలోంచి కాంతం "అత్తయ్యా" అని పిలవడం వినిపించింది. మామూలుగానే పిలిచింది. ఇంకోసారి పిలిచింది. ఆ రెండోసారి పిలుపుతోనే అతనికి తెలిసిపోయింది. కుండలు తొణక్కుండా కావిడి కిందికి దించాడు.

ఆ తర్వాత పనులన్నీ వాటంతటవే జరిగాయి. వీధిలో కొట్లు మూశారు. కడపటి స్నానానికి నీళ్లు కొడుకే తోడాలన్నారు. ధర్మారావుకి చేద పట్టడం చేతకాలేదు, తాడు జారింది, సగం నీళ్లు గట్టు మీదే పోయాయి. ముప్పయ్యేళ్లుగా ఆ నూతి నీళ్లు తోడినవాడు పక్కన నిలబడి చూశాడు. ఎండ వాలకముందే తీసుకెళ్లిపోయారు. అసిరయ్య వెళ్లలేదు. వెనక ఉండి వసారా కడిగాడు.

చినబాబు వచ్చేసరికి గుమ్మంలో దీపం పెట్టి ఉంది. వాడు అర్థం చేసుకుని గంపని అరుగు మీద దించి, పక్కనే కూలబడ్డాడు. బత్తాయి పళ్ల తీపి వాసన వీధిదాకా వచ్చింది. ఎవరూ ఆ గంప మీది గుడ్డ తియ్యలేదు.

కాంతం పెరట్లోకి వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు విరబోసుకుని ఉంది. గుమ్మం దగ్గరే ఆగి, వసారా లోపలికి వేలు చూపించింది.

"మేం ముట్టుకోకూడదు అసిరయ్యా, మాకు మైల. నీకు లేదు. అది కట్టినప్పుడు అత్తయ్య ఉన్నారు. నువ్వు తీసుకెళ్లిపో."

"మీ మావగోరు ఏటంటారో..."

"అత్తయ్య చెప్పారు కదా" అంది కాంతం.

అసిరయ్య కాళ్లు కడుక్కుని మేకు మీది ముడుపు తీశాడు. చిరిగిన తలగుడ్డలో చుట్టి, మెడ ఒరిగిన వైపు భుజాన కట్టుకున్నాడు. రామతీర్థం ఎనిమిది కోసులు. అతని నడకకి తెల్లారిపోతుంది. అక్కణ్ణుంచి తిరిగొస్తాడా అని కాంతం అడగలేదు, అతను చెప్పలేదు. పెరటి తలుపు దగ్గర ఒక్కసారి ఆగి, చెట్టువైపు చూడకుండానే చెయ్యెత్తి దణ్ణం పెట్టి, బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

చెట్టు మొదట్లో కావిడి దించింది దించినట్టే ఉంది, రెండు కుండల్లోనూ అంచుదాకా నీళ్లతో.